అడగండి, చెబుతా: కుర్చీ ఎవరిచ్చారు?

గత సంచికలో ఒకాయన "వకీలు, గవర్నరు, ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) జడ్జి ఈ మూడూ అయిన మనిషి అమెరికాలో ఉన్నాడా?" అని అడిగారు. చోటు తక్కువై "రిచర్డ్ ఎలైహు స్లోన్, అరిజోనా" అని రాసి ఊరుకున్నాను. ఆ ఒక్క ముక్కకి ఈ నెల వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఎప్పుడూ రాలేదు. అందుకని ఈసారి వేరే ప్రశ్నలు పక్కనబెట్టి అన్నీ ఆయన మీదే. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు కోర్టులో బెంచి క్లర్కుగా చేశాను కాబట్టి నా చూపు ఎంతసేపూ కుర్చీ మీదే ఉంటుంది. ఎవరు కూర్చోబెట్టారు, ఎవరు లేపారు అన్నది ముందు చూస్తాను. ఓపిక పట్టండి.

ప్రశ్న: గుమాస్తా గారూ, మీరు పొరబడ్డారు. అరిజోనా మొదటి గవర్నరు జార్జ్ హంట్ కదా? స్లోన్ ఎక్కడి నుంచి వచ్చాడు? (పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక విద్యార్థి)

స్లోన్ మొదటి గవర్నరు అని నేను రాయలేదు బాబూ, మళ్లీ చూసుకో. హంట్ రాష్ట్రానికి మొదటి గవర్నరు. స్లోన్ దానికి ముందున్న టెరిటరీకి ఆఖరి గవర్నరు, వరసలో 17వ వాడు. టెరిటరీకి మొదటి గవర్నరు ఎవరని అడిగితే అదింకో తమాషా. లింకన్ 1863లో జాన్ గర్లీ అనే ఆయన్ను నియమించాడు. ఆయన అరిజోనా మొహం చూడకుండానే చనిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన జాన్ గుడ్‌విన్ ఆ ఏడాది డిసెంబరు 29న నవజో స్ప్రింగ్స్ అనే చోట, మంచులో, ప్రమాణం చేశాడు. చుట్టూ ఊరు లేదు, కట్టడం లేదు. టెరిటరీ హద్దు దాటి లోపలికి వచ్చామని నమ్మకం కలగ్గానే అక్కడే ఆగి కానిచ్చేశారు. పరీక్షలో "మొదటి గవర్నరు" అని అడిగితే ముందు రాష్ట్రానికా, టెరిటరీకా చూసుకో.

ప్రశ్న: టెరిటరీ అంటే రాష్ట్రం కాదా? స్లోన్ ఎన్నికల్లో గెలిచి గవర్నరు అయ్యాడా? (ఒక లా విద్యార్థిని)

కాదమ్మా. అసలు కథంతా ఇక్కడే ఉంది.

టెరిటరీ అంటే ఇంకా రాష్ట్రం కాని నేల. జనం శాసనసభ వరకు ఎన్నుకోవచ్చు. వాషింగ్టన్‌కి ఒక ప్రతినిధిని పంపుకోవచ్చు, కానీ ఆయన సభలో మాట్లాడాలే తప్ప ఓటు వేయకూడదు. అధ్యక్ష ఎన్నికల్లో వాళ్లకు ఓటు లేదు. గవర్నర్ని, జడ్జీల్ని అధ్యక్షుడు పంపుతాడు, సెనేట్ (వాళ్ల పార్లమెంటు ఎగువ సభ) సరే అంటుంది. జడ్జికి నాలుగేళ్ల గడువు. ఈలోపు అధ్యక్షుడికి ఇష్టం లేకపోతే తీసేయొచ్చు. ఇది అరిజోనాలో 1863 నుంచి 1912 దాకా, 49 ఏళ్లు నడిచింది. ఆ ఆఖరి సగంలో స్లోన్ చెయ్యి లేని కోర్టు వ్యవహారం తక్కువ.

ఆయన పుట్టింది 1857లో, ఒహాయో రాష్ట్రం ప్రెబుల్ కౌంటీలో. డిగ్రీ ఇల్లినాయ్‌లోని మన్‌మత్ కాలేజీలో. 1884లో సిన్సినాటి లా స్కూల్ నుంచి న్యాయశాస్త్ర పట్టా తీసుకుని ఆ ఏడాదే అరిజోనాలో దిగాడు. అప్పటికి ఫీనిక్స్‌కి రైలు లేదు. మారికోపాలో దిగి ఎడారిలో బండెక్కాలి. కొన్నాళ్లకు ఫీనిక్స్ వదిలి ఫ్లోరెన్స్ అనే చిన్న ఊరికి మారాడు. అక్కడ పినాల్ కౌంటీకి ప్రాసిక్యూటరుగా, ఆ తర్వాత ఒక దఫా శాసనసభ ఎగువ సభలో పనిచేశాడు. జనం ఓట్లతో వచ్చిన పదవులు ఇవే. ఆ తర్వాతవన్నీ వాషింగ్టన్ నుంచి వచ్చినవి.

నా పాత అలవాటు కొద్దీ ఒక కాగితం మీద రెండు గళ్లు గీశాను. ఒక గడిలో పదవి వచ్చిన ఏడాది, రెండో గడిలో అప్పటి అధ్యక్షుడు. 1889లో హారిసన్ ఆయన్ను టెరిటరీ సుప్రీంకోర్టు జడ్జిని చేశాడు. 1893లో క్లీవ్‌లాండ్ వచ్చాడు, ఆయన డెమొక్రాటు, స్లోన్ రిపబ్లికన్. 1894కల్లా స్లోన్ మళ్లీ ప్రెస్కాట్‌లో నల్లకోటు వేసుకుని వకీలు. 1897లో మెకిన్లీ వచ్చాడు, స్లోన్ మళ్లీ జడ్జి. రూజ్‌వెల్ట్ ఆ గడువు పొడిగిస్తూ పోయాడు. 1909లో టాఫ్ట్ వచ్చి గవర్నర్ని చేశాడు. గీత గీశాక ఒక సంగతి కనబడి నవ్వొచ్చింది. హారిసన్, మెకిన్లీ, టాఫ్ట్ ముగ్గురూ ఒహాయోలో పుట్టినవాళ్లే. టాఫ్ట్ అయితే స్లోన్ చదివిన సిన్సినాటి లా స్కూల్లోనే ఆయనకంటే నాలుగేళ్ల ముందు పాసయ్యాడు. "ఊరివాడని ఇచ్చాడా?" అని మీరు అడుగుతారు. అది నేను అనను. 1909 నాటికి స్లోన్‌కి 25 ఏళ్ల అరిజోనా అనుభవం ఉంది. బయటి నుంచి ఎవడినో తెచ్చి నెత్తిన పెట్టారన్న మాట ఆయన విషయంలో చెల్లదు.

ప్రశ్న: ఒకే మనిషి జిల్లా జడ్జి, సుప్రీంకోర్టు జడ్జి కూడానా? అప్పీలు ఎవరి దగ్గరికి పోతుంది? (ఒక రిటైర్డ్ అమీనా)

ఈ ప్రశ్న కోర్టులో పనిచేసిన వాళ్లే అడగగలరు. నమస్కారం.

స్లోన్ చేరేనాటికి అరిజోనా సుప్రీంకోర్టులో ముగ్గురే. ఒక చీఫ్ జస్టిస్, ఇద్దరు సహ న్యాయమూర్తులు. ఒక్కొక్కరికి ఒక్కో జిల్లా. మామూలు రోజుల్లో ఎవరి జిల్లాలో వాళ్లు సాక్షుల్ని విని తీర్పు చెబుతారు. తర్వాత ముగ్గురూ ఒకచోట చేరితే అదే సుప్రీంకోర్టు. అంటే తన తీర్పు మీద వచ్చిన అప్పీలు తానున్న బెంచికే పోతుంది! మిగతా ఇద్దరికీ రేపు తమ తీర్పులు ఇక్కడికే వస్తాయని తెలుసు. నేనైతే ఆ బెంచికి కాగితాలు అందించడానికి కూడా ఇబ్బంది పడేవాణ్ని. తర్వాత తర్వాత జడ్జీల సంఖ్య పెంచి ఐదుకు తెచ్చారు.

ఇంకో మెలిక. అదే జడ్జి, అదే గది. పొద్దున టెరిటరీ చట్టం కింద పశువుల దొంగని విచారిస్తాడు. మధ్యాహ్నం అమెరికా ప్రభుత్వ చట్టం కింద కేసు పిలుస్తారు. కాబట్టి "స్లోన్ ఫెడరల్ జడ్జి ఎప్పుడయ్యాడు" అంటే కచ్చితమైన జవాబు రెండు రకాలు. పనిని బట్టి 1889 నుంచే. పదవి పేరును బట్టి 1912లో.

ప్రశ్న: ఆయన విచారించిన కేసుల్లో కథలాంటిది ఒక్కటి చెప్పండి. (ముగ్గురు పాఠకులు)

జడ్జి కుర్చీ ఎక్కీ ఎక్కగానే తగిలిందే పెద్దది. 1889 మే 11న సైన్యం జీతాల అధికారి మేజర్ జోసెఫ్ వామ్ 28 వేల డాలర్లకు పైగా బంగారు, వెండి నాణేలతో ఫోర్ట్ గ్రాంట్ నుంచి ఫోర్ట్ థామస్‌కి బండిలో వెళ్తున్నాడు. ఒక ఇరుకు దారిలో రోడ్డు మీద పెద్ద బండరాయి. సిపాయిలు దిగి దాన్ని దొర్లించబోయేసరికి పైనున్న గుట్టల మీంచి తుపాకులు పేలాయి. కాపలాకి వచ్చింది నల్లజాతి సైనికులు. 8 మంది గాయపడ్డారు, ఒక్కరూ చనిపోలేదు. సార్జెంట్ బెంజమిన్ బ్రౌన్ కడుపులో తూటా దిగాక కూడా కాలుస్తూనే ఉన్నాడు. కార్పొరల్ ఐజయా మేస్ రెండు కాళ్లకూ దెబ్బలు తగిలితే పాక్కుంటూ సాయం కోసం దగ్గర్లోని పశువుల క్షేత్రానికి వెళ్లాడు. ఇద్దరికీ ఆ దేశపు అత్యున్నత సైనిక పతకం, మెడల్ ఆఫ్ ఆనర్, వచ్చింది.

పట్టుబడినవాళ్లు బందిపోట్లు కాదు. హీలా లోయలోని రైతులు, చుట్టుపక్కల పేరున్న కుటుంబాలవాళ్లు. కేసు టూసాన్ కోర్టుకి వచ్చింది. అక్కడి జడ్జి అంతలోనే గొడవల్లో పడి పదవి పోగొట్టుకున్నాడు. ఆ కుర్చీలోకి వచ్చింది 32 ఏళ్ల స్లోన్.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక కోర్టులో (ఊరు పేరు వద్దు) హత్య కేసు సగం సాక్ష్యాలు అయ్యాక జడ్జికి బదిలీ వచ్చింది. కొత్తాయన మొదటిరోజు కట్టలు చూసి, "ఇందులో నేను చూడని మొహాలు ఎన్ని ఉన్నాయి?" అన్నాడు. కాగితం మీద సాక్ష్యం చదవడం వేరు, చెప్పేవాడి గొంతు వినడం వేరు. స్లోన్‌కి ఆ బాధ తప్పింది, విచారణ ఆయన ముందే మొదలైంది. కానీ టెన్షన్ మాత్రం తక్కువేం కాదు. నెలకు పైగా నడిచింది, సాక్షులు వందకు పైన. ముద్దాయిల తరఫు వకీళ్లలో మార్కస్ స్మిత్ అనే గట్టి పిండం ఉన్నాడు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

జ్యూరీ అందర్నీ వదిలేసింది. సైనికులు ముద్దాయిల్ని గుర్తుపట్టి చెప్పినా వదిలేసింది. నల్లజాతి సైనికుల మాటకు అప్పట్లో తెల్లవాళ్ల జ్యూరీ ఇచ్చిన విలువ అంత. ఆ డబ్బు ఇప్పటికీ దొరకలేదు. జ్యూరీ ఉన్న కోర్టులో జడ్జి చట్టం ఏమిటో చెప్పగలడు గానీ, ఎవర్ని నమ్మాలో చెప్పలేడు.

ప్రశ్న: న్యాయమూర్తిని జనం ఓట్లేసి దించేయొచ్చని అరిజోనా రాజ్యాంగంలో రాశారట, నిజమేనా? ఇలాగైతే ఏ జడ్జి ధైర్యంగా తీర్పిస్తాడు? (ఒక అడ్వకేటు)

నిజమే సార్. స్లోన్ గవర్నరుగా ఉండగా నడిచిన పెద్ద గొడవ అదే. మిగతావి, రూజ్‌వెల్ట్ డ్యామ్ ప్రారంభం లాంటివి, పండగలు.

అప్పటికి అరిజోనా జనాభా 2 లక్షల 4 వేలు. రాష్ట్రం కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఒకసారి వాషింగ్టన్ "న్యూ మెక్సికోతో కలిపి ఇస్తాం" అంటే 1906లో ఓటేసి ఛీ కొట్టారు. 16,265 మంది వద్దన్నారు, 3,141 మంది సరే అన్నారు. చివరికి 1910 జూన్ 20న టాఫ్ట్ సంతకంతో దారి తెరుచుకుంది. అక్టోబరులో ఫీనిక్స్‌లో 52 మంది ప్రతినిధులు రాజ్యాంగం రాయడానికి కూర్చున్నారు. 41 మంది డెమొక్రాట్లు, 11 మంది రిపబ్లికన్లు. అధ్యక్ష స్థానంలో హంట్. స్లోన్ గవర్నరే గానీ ఆ సభలో ఆయన పార్టీకి బలం లేదు.

వాళ్లు రాసినదాంట్లో ఎన్నికైన ఏ అధికారినైనా, జడ్జితో సహా, గడువు మధ్యలో ఓటుతో దించేయొచ్చని ఉంది. టాఫ్ట్ స్వయంగా జడ్జిగా చేసినవాడు. ఆయనకు అదొక్కటి మింగుడు పడలేదు. 1911 ఆగస్టు 15న వీటో చేశాడు. వారంలోపే కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) ఇంకో తీర్మానం చేసింది: జడ్జీల ముక్క తీసేస్తే రాష్ట్రం ఇస్తాం. డిసెంబరులో అరిజోనా జనం బుద్ధిగా ఓటేసి ఆ ముక్క తీసేశారు. 1912 ఫిబ్రవరి 14న 48వ రాష్ట్రం అయ్యారు. అదే ఏడాది నవంబరులో మళ్లీ ఓటేసి ఆ ముక్కని యథాతథంగా తిరిగి పెట్టుకున్నారు! అప్పటికి టాఫ్ట్ చేసేదేమీ లేదు. (ఆ ఓటులోనే ఆడవాళ్లకు ఓటుహక్కు కూడా ఇచ్చుకున్నారు.)

మీ భయం నాకు అర్థమవుతుంది. నేనూ చట్టాన్ని నమ్ముకుని బతికినవాణ్నే, జడ్జి కుర్చీకి కింద చక్రాలుంటే నాకూ నచ్చదు. కానీ వాళ్ల వైపు నుంచి ఒక్కసారి చూడండి. 49 ఏళ్లు వాళ్ల జడ్జీలు ఎక్కడో రెండు వేల మైళ్ల అవతల అధ్యక్షుడు మారితే మారారు. అధ్యక్షుడికి తీసే అధికారం ఉన్నప్పుడు లేవని స్వతంత్రత మాట, జనం తీస్తామనేసరికి ఎందుకొచ్చింది అని వాళ్లు అడిగితే, నా దగ్గర సూటి జవాబు లేదు. స్లోన్ లాంటి మంచి జడ్జి కూడా 1894లో ఏ తప్పు చేశాడని ఇంటికి వెళ్లాడు?

ప్రశ్న: మరి ఆఖరి పదవి ఆరు నెలలకే పోయిందని చదివాను. లంచమా? (పేరు రాయవద్దన్న పాఠకుడు)

ఛ ఛ. అలాంటిదేమీ లేదు.

రాష్ట్రం వచ్చాక అరిజోనాకి సొంతంగా ఒక ఫెడరల్ జిల్లా కోర్టు వచ్చింది. దానికి మొదటి జడ్జిగా టాఫ్ట్ స్లోన్ పేరే పంపాడు. ఈ కుర్చీ మిగతావాటిలాంటిది కాదు. నాలుగేళ్ల గడువు లేదు, అధ్యక్షుడు తీయలేడు, జనం తీయలేరు. మంచి నడవడి ఉన్నంతకాలం, అంటే బతికున్నంతకాలం. స్లోన్ జీవితంలో ఎవరూ లాక్కోలేని మొదటి కుర్చీ అదే.

సెనేట్ ఆమోదించలేదు. 1912లో సభ లేని సమయంలో టాఫ్ట్ తాత్కాలికంగా కూర్చోబెట్టాడు. మన ఆఫీసుల్లో ఇన్‌చార్జి అంటామే, అలాంటిది. సభ మళ్లీ జరిగి ముగిసేలోపు ఆమోదం రాకపోతే అది దానంతటదే రద్దవుతుంది. రాలేదు. 1913 మార్చి 3తో ముగిసింది. మర్నాడు డెమొక్రాట్ విల్సన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. ఆ కుర్చీలోకి విలియం సాటెల్ వచ్చాడు.

కొత్త రాష్ట్రం నుంచి సెనేట్‌కి వెళ్లిన ఇద్దరూ డెమొక్రాట్లే. ఒకరు హెన్రీ ఆషర్స్ట్. రెండోవారు మార్కస్ స్మిత్. టూసాన్‌లో ఆ రైతుల తరఫున నిలబడ్డ వకీలే. సొంత రాష్ట్రపు సెనేటర్ల ఇష్టం లేకుండా ఆ రాష్ట్రపు జడ్జి పేరు ముందుకు కదలడం కష్టం, అది అక్కడి రివాజు. 23 ఏళ్ల క్రితం తన ముందు నిలబడి "యువర్ ఆనర్" అన్న మనిషి ఉన్న సభలోనే ఈయన ఫైలు ఆగిపోయింది. స్లోన్ ఆ రోజుల్లో టపా కోసం ఎలా ఎదురుచూశాడో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆర్డరు రాని ఇన్‌చార్జి మొహాలు నేను చాలా చూశాను.

ప్రశ్న: ఆ తర్వాత ఏం చేశాడు?

ఫీనిక్స్‌లో వకాల్తా. మొదలుపెట్టిన చోటే. 1922లో కొలరాడో నది నీళ్లని 7 రాష్ట్రాలు పంచుకోవడానికి కూర్చున్నప్పుడు అరిజోనా ప్రతినిధికి న్యాయ సలహాదారుగా వెళ్లాడు. నవంబరు 24న శాంటా ఫేలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాన్ని అరిజోనాలో గట్టిగా అడ్డుకున్నది ఎవరనుకున్నారు? మళ్లీ గవర్నరైన జార్జ్ హంట్. మిగతా ఆరు రాష్ట్రాలూ సరే అన్నా అరిజోనా 1944 దాకా ఒప్పుకోలేదు. అప్పటికి స్లోన్ లేడు, 1933 డిసెంబరులో ఫీనిక్స్‌లో చనిపోయాడు. అంతకు ముందు ఏడాది జ్ఞాపకాలు పుస్తకంగా వేశాడు. నదీ జలాల తగాదాలు తెలిసిన మనవాళ్లకు ఈ 22 ఏళ్ల సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఫీనిక్స్‌లో ఉంటాడు. వచ్చే నెల వెళ్తున్నాం. స్లోన్ తాలూకు చూడదగ్గది ఏమైనా ఉందా? (ఒక తల్లి)

ఫ్లోరెన్స్ వెళ్లండమ్మా, కారులో గంట పైచిలుకు. మా అమ్మాయి నన్ను తీసుకెళ్లింది. 1878లో కట్టిన మట్టి ఇటుకల కోర్టు ఇంకా ఉంది. స్లోన్ ప్రాసిక్యూటరుగా ఉన్నప్పుడు కోర్టు అదే. గోడలు ఎంత మందమంటే ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను, మా తాతగారి మట్టిగోడ మీద చెయ్యి పెట్టినట్టే ఉంది. ఇప్పుడు దాన్ని ఎర్నెస్ట్ మెక్‌ఫార్లాండ్ పేరుతో పిలుస్తున్నారు. ఆయనదీ ఇలాంటి కథే: ఫ్లోరెన్స్ వకీలు, తర్వాత సెనేటరు, గవర్నరు, చివరికి అరిజోనా సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్. స్లోన్‌కి ముందు గవర్నరుగా చేసిన జోసెఫ్ కిబ్బీ కూడా ఫ్లోరెన్స్ వకీలే, ఆయనా స్లోన్‌తో పాటు 1889లోనే జడ్జి అయ్యాడు. అంత చిన్న ఊరికి ఇన్ని కుర్చీలు ఎక్కడివో మరి.

నాలుగడుగులు వేస్తే 1891లో కట్టిన రెండో కోర్టు, పైన గడియారం బురుజుతో. గడియారానికి ఉంచిన డబ్బు జైలు కట్టడానికి సరిపోయిందట. అందుకని నాలుగు వైపులా గడియారం బొమ్మ గీసి వదిలేశారు. ఎప్పుడు చూసినా 11:44. మా ఆవిడ దాన్ని చూసి తన వాచీ ముందుకు పోతోందని ముల్లు వెనక్కి తిప్పుకుంది. సాయంత్రం మందులు వేసుకునే వేళకి గానీ ఆ సంగతి బయటపడలేదు.